కొత్త సూది, పాత నిమ్మచెక్క

మగవాళ్ళ వార్డు,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

వదినా,

ఈ ఉత్తరం తెచ్చినావిడ మా వార్డులో ఆయా. మీ వీధి చివర చెప్పుల దుకాణం పైన ఉంటుందట. నీ కుట్టుమిషను చప్పుడు తనకి బాగా తెలుసంది. మనిషి మంచిది గానీ నోరు ఊరుకోదు. ఆవిడ నీకు ఏకరువు పెట్టేలోపు నేనే చెప్పడం మేలని రాస్తున్నాను.

చచ్చిపోలేదు, ఆసుపత్రిలో ఉన్నాను. ఫోను సంగతి అడక్కు, అది ఎప్పుడో చేతులు మారింది.

చాలా రోజులుగా సాయంత్రమయ్యేసరికి చలి, వణుకు. దుప్పటి కప్పుకుంటే చెమట, తీస్తే మళ్ళీ చలి. ముందొకసారి ఇక్కడికే వస్తే ఏదో మందు ఎక్కించారు. కాస్త తగ్గగానే ఎవరికీ చెప్పకుండా జారుకున్నాను. ఈసారి నిచ్చెన నన్ను బస్సులో తెచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నిచ్చెన గుర్తున్నాడు కదా, నేను దుకాణాల బోర్డులు రాస్తుంటే కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాడు. మనిషే నిచ్చెనలా ఉన్నాడని ఆ పేరు పెట్టింది నువ్వే.

నా రక్తం తీసి సీసాలో పెట్టి చూస్తే అందులో ఏదో మొలిచిందట. డాక్టరమ్మ ఫంగస్ అంది. ఆయా శుభ్రంగా బూజు అంది. మామూలు జ్వరాల మందులకి అది లొంగదు. గోడమూలల బూజు దులపమని నువ్వు చీపురు ఇచ్చినప్పుడల్లా తప్పించుకు తిరిగేవాణ్ణి. చివరికి అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

నవ్వు రాలేదా? నాకూ రాలేదు.

అసలు సంగతి ఇది. నెలన్నర పాటు రోజూ నరంలోంచి మందు ఎక్కించాలి. మధ్యలో మానేస్తే ఆ బూజు గుండె కవాటాల మీదికి పాకుతుందట. పాకితే ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదంది డాక్టరమ్మ. వేరేవాళ్ళనైతే చేతికి గొట్టం పెట్టి ఇంటికి పంపిస్తారు, రోజూ వచ్చి మందు ఎక్కించుకుపోతారు. నన్ను పంపరు. గొట్టం ఉన్న చేత్తో బయటికెళితే నేను ఏం చేస్తానో వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు, అందుకే పౌరుషం రాలేదు.

ఆ మత్తు మీది తపనకి పొద్దున్నే నాలుక కింద ఒక మాత్ర పెడుతున్నారు. దాంతో మధ్యాహ్నం దాకా మనిషిలాగే ఉంటాను. ఆ తర్వాత తలుపు వైపు చూస్తూ పడుకుంటాను. నెలన్నర ఉండగలనని నాకు నమ్మకం లేదు వదినా.

అన్నయ్యకి చెప్పకు. చూడ్డానికి రాకు. నువ్వొస్తే నీతోపాటే మెట్లు దిగి వచ్చేస్తాను. కాసిని కాగితాలూ ఒక పెన్సిలూ పంపితే చాలు.

నీ మరిది


మేడ మీద గది,
కుట్టుమిషను ముందు.

మరిదిగారికి,

నీ ఉత్తరం నా చేతికివ్వకముందే ఆయా సగం చెప్పేసింది. మిగతా సగం టీ తాగుతూ చెప్పింది. ఆవిడ వెళ్ళాక చూస్తే ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టేసి ఉన్నాను.

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పినా వినేలా లేడు. మత్తు మాన్పించే చోట నిన్ను ఆయనే దగ్గరుండి రెండుసార్లు చేర్పించాడు, రెండుసార్లూ నువ్వు గోడ దూకావు. రెండోసారి తర్వాత ఎవరడిగినా "నాకు తమ్ముడు లేడు" అంటున్నాడు. నేను నీ పేరెత్తితే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని రేడియో వింటాడు. ఆ రేడియో సరిగ్గా పలకదు కూడా. ఊళ్ళో బస్సులన్నీ బాగుచేసే మనిషి దాన్ని మాత్రం అలాగే ఉంచాడు, అవసరానికి అడ్డం పెట్టుకోవడానికి.

బళ్ళు తెరిచే రోజులు. గుట్టలు గుట్టలుగా యూనిఫారాలు. కాలర్లు కుట్టి కుట్టి నా మెడే పట్టేసింది. ఇంత పనిలో నీ గురించి ఏడవడానికి కూడా తీరిక లేదు, కత్తెర పట్టుకుని ఏడుస్తున్నాను. నేనూ అలిసిపోయాను అబ్బాయ్. ఈ మాట నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

రావద్దన్నావు, రాను. నీ తెలివి నాకు తెలుసు, నా వెనకాలే దిగి వచ్చే రకమే నువ్వు.

కాగితాలు, పెన్సిలు, ఉతికిన దుప్పటి పంపుతున్నాను. ఆయా సంచిలో నిమ్మకాయలు కూడా వేశాను. మేడ మీద డబ్బాలో మొక్క ఈ ఏడు విరగకాసింది. నువ్వొచ్చినప్పుడల్లా జేబుల నిండా పట్టుకెళ్ళేవాడివి కదా. టీ మానేసి నిమ్మరసం తాగుతున్నానని నువ్వు చెబితే ఎంత సంబరపడ్డానో! ఎదురింటావిడ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. జ్వరం నోటికి కాస్త పుల్లగా బాగుంటుంది, పిండుకుని తాగు.

నెలన్నర ఉండగలనా అని ఆలోచించకు. ఈ పూట ఉండు. రేపటి సంగతి రేపు పోట్లాడుకుందాం.

నీ వదిన


మగవాళ్ళ వార్డు,
అదే మంచం.

వదినా,

దుప్పటి అందింది. దాంట్లో మన ఇంటి సబ్బు వాసన ఉంది. ముఖం మీదుగా కప్పుకుని పడుకుంటే నర్సు వచ్చి లాగి చూసింది, ఊపిరి ఉందా లేదా అని.

ఇక్కడ నా బతుకు ఇలా ఉంది. పొద్దున్నే కాపలా అతను వచ్చి నా దిండు కింద, పరుపు కింద, చెప్పుల్లో వెతుకుతాడు. మిగతా మంచాల దగ్గరికి వెళ్ళడు. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు నేనే దిండు ఎత్తి పట్టుకుంటున్నాను. అతనికీ నడుం నొప్పి పాపం. తర్వాత నర్సు వస్తుంది. నా చేతులు చూసి నిట్టూర్చి, పాత కొళాయి గొట్టం కోసం రోడ్డంతా తవ్వినట్టు నరం కోసం వెతుకుతుంది. తిట్టదు. తిడితే బాగుండుననిపిస్తుంది.

పక్క మంచం పెద్దాయన బస్సు కండక్టరుగా చేసి మానేశాడట. నిద్రలో "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటాడు. నేను మంచం మీద కాస్త జరుగుతుంటాను.

హెడ్ నర్సుకి నా పని తెలిసి, గోడకి "చేతులు కడుక్కోండి" అని బోర్డు రాసిపెట్టమంది. రాశాను. చూసి బాగుందంది గానీ కాసేపు తల పక్కకి వంచి చూసింది. ఎందుకో అడగలేదు.

నిమ్మకాయలు పంపకు వదినా. ఇక్కడ నాకు పులుపు వద్దన్నారు. వచ్చినవి వార్డులో పంచేశాను.

నిచ్చెన ఇంతవరకూ రాలేదు. వంతెన కింద పాత సామాన్ల షెడ్డులో ఉంటాడు. ఆయా అటుగా వెళితే వాడెలా ఉన్నాడో ఒక్కమాట కనుక్కోమన్నాను. కుదరలేదంటోంది.

ఇంకా ఇక్కడే ఉన్నాను. అంతకంటే చెప్పుకోదగ్గది ఏమీ చెయ్యలేదు.

నీ మరిది


మేడ మీద గది.

మరిదిగారికి,

ఒక మాట సూటిగా అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పు. నీ కంటికేమైంది?

నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నీ రాత చూస్తున్నాను. గీతల్లేని కాగితం మీద కూడా దారం కట్టి రాసినట్టు రాసేవాడివి. నా గుడ్డల మీద సుద్దతో గీతలు నీచేతే గీయించుకునేదాన్ని. ఈ ఉత్తరంలో ఒక్క వరసా నిలబడలేదు, అన్నీ కుడివైపుకి దిగజారాయి. ఒకచోట రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. జ్వరం వల్లనో చెయ్యి వణికో అని సర్దిచెప్పకు. వణికితే అక్షరం వంకర పోతుంది, వరస జారదు. ఆ తేడా నాకు తెలియదనుకున్నావా?

ఇంకొకటి. పులుపు వద్దన్నారని రాశావు. ఆయాని అడిగితే, అలా ఎవరూ అనలేదంది. నిమ్మకాయలు చూసి నువ్వు ముఖం అటు తిప్పుకున్నావట. ఏమిటీ వేషాలు? మళ్ళీ పంపుతున్నాను. తాగితే నా మాట విన్నట్టు.

నిన్న మీ అన్నయ్య భోజనం దగ్గర ఉన్నట్టుండి "ఆ ఆయా మనింటికి ఎందుకొస్తోంది?" అన్నాడు. "జాకెట్టు కొలతలకి" అన్నాను. "ఇన్నిసార్లా?" అని ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే నాకు భయం.

నీ వదిన


మగవాళ్ళ వార్డు.

వదినా,

నీ కంటికి దండం పెట్టాలి.

నావి రెండూ కాదు, ఎడమది ఒక్కటే. మొదట నల్లటి నలుసులు తేలాడుతూ కనిపించాయి, దోమలేమో అని చేత్తో తోలాను. తర్వాత అద్దం మీద ఊపిరి ఊదినట్టయింది. ఇప్పుడు ఆ కంట్లో కిటికీ ఉందని తెలుస్తుంది, కిటికీలో ఏముందో తెలియదు. వారం పాటు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ నా కన్ను ఎర్రగా ఉందంటే ముందు అడిగే ప్రశ్న "ఏం తీసుకున్నావ్?" అని. ఆ మాట పడలేక దాచాను. డాక్టరమ్మ దీపం వేసి చూసి, అంతకుముందెన్నడూ లేనిది, గట్టిగా కేకలేసింది. అది కూడా ఆ బూజేనట, రక్తంలోంచి కంట్లోకి చేరింది. నేరుగా కంట్లోకే సూది వేశారు. ఎన్నో సూదులు చూసిన వాణ్ణి, ఆ సూది చూసి మాత్రం పక్కమంచం పెద్దాయన చెయ్యి పట్టుకున్నాను.

చూపు తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఒక కన్ను లేకపోతే గోడ ఎంత దూరంలో ఉందో తెలియదు వదినా. కుంచె గోడకి తగిలిందో లేదో తెలియని వాడు బోర్డులేం రాస్తాడు?

మొన్న మధ్యాహ్నం వెళ్ళిపోదామనుకున్నాను. చెప్పులేసుకుని, మందు సీసా కడ్డీని పక్కకి పెట్టి వార్డు తలుపు దాకా వెళ్ళాను. అక్కడ ఆయా నేల తుడుస్తోంది. "ఆరేదాకా దాటకండి, మళ్ళీ తుడవలేను" అంది. నిలబడ్డాను. ఆరేలోపు కాళ్ళు పీకాయి. వచ్చి పడుకున్నాను. నన్ను ఆపింది డాక్టరమ్మా కాదు, నువ్వూ కాదు, తడి నేల.

నిమ్మకాయల సంగతి వదిలెయ్. బతిమాలుతున్నాను.

నీ మరిది


మేడ మీద.

అబ్బాయ్,

వదిలెయ్యమన్నావు. ఆయా వదల్లేదు. డాక్టరమ్మ నిన్ను అందరిలో అడిగిందట కదా, సూదిలో నింపే ముందు ఆ మత్తుపొడిని దేంతో కలుపుతావని. నువ్వు "నిమ్మరసం" అన్నావట. ఆ బూజు నిమ్మకాయ తొక్క మీద ఉంటుందనీ, కోసి వదిలేసిన చెక్కలో ఇంకా పెరుగుతుందనీ, అక్కణ్ణుంచే నీ నరంలోకి వెళ్ళి ఉంటుందనీ ఆవిడ అందట. ఆయా ఇదంతా ఒక వింతలాగా చెప్పింది. ఆ కాయలు మా మేడ మీదివని ఆవిడకి తెలియదు. ఆవిడ వెళ్ళేదాకా నవ్వు ముఖంతో కూర్చున్నాను, ఎలా కూర్చున్నానో నాకే తెలియదు.

నీ మీద కోపం లేదని రాద్దామనే మొదలుపెట్టాను. అబద్ధం. ఒళ్ళంతా కోపమే. ముదిరినవి చూసి, మెత్తటివి ఏరి, చెయ్యి గీరుకుపోతున్నా నేను కోసిచ్చాను. నువ్వు "ఇంకో రెండు ఇవ్వు వదినా" అనేవాడివి. నేను మురిసిపోయేదాన్ని. నా చేత్తోనే ఇప్పించుకున్నావు కదరా!

మొక్కని పీకి పారేద్దామని మేడెక్కాను. మొదలు పట్టుకున్నాను కూడా. అది ఏం చేసిందని? నీళ్ళు పోసి దిగొచ్చాను. నాకు దేని మీదా కోపం నిలబెట్టుకునే ఓపిక కూడా లేకుండా పోయింది.

కానీ ఒక్క సంగతి నన్ను కుట్టు మీద కూర్చోనివ్వడం లేదు. నిజం చెప్పు. ఆ చెక్క నువ్వొక్కడివే వాడావా? ఇంకెవరైనా వాడారా?

వదిన


మగవాళ్ళ వార్డు.

వదినా,

డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచీ నా కన్ను, నా గుండె, నా జ్వరం అనే ఏడుస్తున్నాను తప్ప, నువ్వడిగిన ఈ ఒక్క ప్రశ్నా నాకు తట్టలేదు.

నిచ్చెన వాడాడు.

మేమిద్దరం జాగ్రత్తపరులమని మాకు గర్వం వదినా. వంతెన కింద మిగతావాళ్ళు ఒకళ్ళ సూది ఒకళ్ళు తీసుకుంటారు. మేము చచ్చినా తీసుకోం. ఎవరి సూది వాళ్ళదే, ప్రతిసారీ కొత్తదే, నీళ్ళు కాచినవే. మమ్మల్ని చూసి "డాక్టర్లొచ్చారు" అని ఎగతాళి చేసేవాళ్ళు. అంత చేసి నిమ్మచెక్క మాత్రం ఇద్దరికీ ఒక్కటే. రసం ఉన్నన్నాళ్ళూ కాగితంలో చుట్టి గోడ సందులో దాచుకునేవాళ్ళం. దాంట్లో ఏముంటుంది, ఇంట్లో కాయ కదా అనుకున్నాం. మీ ఇంటి కాయని బజారు కాయ కంటే శుభ్రమని వాడే అనేవాడు.

నన్ను బస్సులో తెచ్చిన రోజు వాడు మండుటెండలో రెండు చొక్కాలు వేసుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నా జ్వరం చూసి భయపడ్డాడనుకున్నాను. అంత గుడ్డివాణ్ణి, అప్పటికి రెండు కళ్ళూ ఉండి.

వాడికి వెళ్ళి చెప్పేవాళ్ళు లేరు. ఆయా వంతెన కిందికి వెళ్ళనంటోంది, ఆవిణ్ణి అనడానికి లేదు. అందుకే రేపు నేనే వెళుతున్నాను. వాణ్ణి తీసుకుని తిరిగి వచ్చేస్తాను. నీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక రాస్తున్నాను. గోడ దూకడం లేదు ఈసారి, పని మీద వెళుతున్నాను.

నీ మరిది


మేడ మీద.

అబ్బాయ్,

ఆయాని గుమ్మంలోనే నిలబెట్టి రాస్తున్నాను. మంచం దిగకు. వంతెన కిందికి వెళ్ళినవాడివి తిరిగి వస్తావని నువ్వు నమ్ముతున్నావేమో, నేను నమ్మను. వాడితోపాటు నువ్వూ అక్కడే కూలబడతావు. నేను వెళతాను. ఇప్పుడే, గుడ్డలన్నీ ఇలా వదిలేసి.

వదిన


మేడ మీద.

అబ్బాయ్,

వెళ్ళొచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

షెడ్డు వెనక పాత టైర్ల పక్కన చాప మీద పడున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. అంత పొడుగు మనిషి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటే చిన్న మూటలా ఉన్నాడు. నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. "వదినా, ఇక్కడికి మీరెందుకొచ్చారు, చీరకి మసి అంటుతుంది" అన్నాడు. ఆ స్థితిలో నా చీర గురించి మాట్లాడాడు.

చెప్పాను, బూజు సంగతీ, నిమ్మచెక్క సంగతీ. "నీకూ అదే వచ్చింది, లే, ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"రాను వదినా. ఒకసారి పోయాను కాలికి పుండు పడితే. మనవాళ్ళెవరున్నారు, సంతకం ఎవరు పెడతారని అడిగారు. ఎవరూ లేరన్నాను. బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను, కూర్చున్నాను, పొద్దుగూకేదాకా ఎవరూ పిలవలేదు. లేచి వచ్చేశాను."

"నేను పెడతాను సంతకం."

"మీరు పెట్టకూడదు. అన్నయ్య మిమ్మల్ని తిడతాడు."

ఎంత లాగినా కదల్లేదు. నా బలానికి ఆ మనిషి లేచే రకం కాదు. చుట్టూ ఉన్నవాళ్ళని అడిగితే ముఖాలు తిప్పుకున్నారు. ఇంటికొచ్చాను.

మీ అన్నయ్య అప్పుడే బస్సుల షెడ్డు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. నేను ఏం ఆలోచించలేదు. నీ జ్వరం, కన్ను, ఆయా, ఉత్తరాలు, నిమ్మకాయలు, నిచ్చెన, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. చెబుతూ అరిచాను కూడా. "మీకు తమ్ముడు లేకపోతే లేకపోయాడు, నాకు మరిది ఉన్నాడు" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన ముందు గొంతెత్తడం అదే మొదలు.

ఆయన కొళాయి కట్టేయకుండా అలాగే నిలబడ్డాడు. తర్వాత తడి చేతులతోనే చొక్కా వేసుకుని, బాగుచెయ్యడానికి వచ్చిన వ్యాను ఒకటి ఉంటే దాని తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నువ్వు మాత్రం కదలకు. నాకు ఇంకొకళ్ళ వెనకాల పరిగెత్తే ఓపిక లేదు.

నీ వదిన


బస్సుల షెడ్డు.

తమ్ముడికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మీ వదిన రాస్తానంది, వద్దన్నాను. ఇది నేను చెప్పాల్సింది.

నీ స్నేహితుణ్ణి ఎత్తుకుని వ్యానులో పడుకోబెట్టాను. బరువు లేడు. ఆసుపత్రికే తెచ్చాను, మీ వార్డు కింద, మొదటి అంతస్తులోకి. బల్ల దగ్గర అతను పేషెంటుకి ఏమవుతారని అడిగాడు. అన్నని అన్నాను. సంతకం పెట్టాను. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. నీకు ఎక్కిస్తున్న మందే ఎక్కించారు. కానీ ఆలస్యమైంది. గుండె కవాటాన్ని అప్పటికే బూజు తినేసిందట. దాని ముక్క ఒకటి ఊడి తలలోకి వెళ్ళిందన్నారు. బండి గొట్టంలో చెత్త అడ్డుపడితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి మళ్ళీ చెప్పించుకోలేదు. మర్నాడు పోయాడు. జరగాల్సినవన్నీ నేనే జరిపించాను. ఎవరూ లేనివాడిలా పంపలేదు.

ఇది నీకు చెబితే మంచం దిగుతావని మీ వదిన భయం. చెప్పకపోతే వాడి కోసం వెతకడానికి దిగుతావని నా భయం. అందుకే చెబుతున్నాను. వెతకాల్సిన మనిషి ఇంక లేడు.

మాట పడిపోయే ముందు వాడు నన్ను ఒకటి అడిగాడు. "వాడు ఇంకా పైన ఉన్నాడా అన్నయ్యా, వెళ్ళిపోయాడా?" అన్నాడు. ఉన్నాడని చెప్పాను. నిజంగానా అన్నాడు. నిజంగానే అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

నేను స్వయంగా చూడకుండా ఏ బండినీ బాగుందని చెప్పి పంపను. అది నీకు తెలుసు. నేను పైకి వచ్చి నిన్ను చూడలేదు. మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాను. రెండుసార్లు ఖాళీ మంచం చూశాను నీది. మూడోసారి చూసే ధైర్యం నాకు లేదు. చూడకుండానే పోయేవాడికి మాటిచ్చాను.

నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

అన్నయ్య


మగవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆయా చదివి వినిపించింది. నాకు ఒక కన్ను మిగిలింది గానీ ఆ పూట దాంతో ఏమీ కనిపించలేదు. ఆవిడ చదువుతూ మధ్యలో ఆగిపోతే, మిగతాది పక్కమంచం పెద్దాయన పూర్తిచేశాడు. ఆవిడ మొదటిసారి నోరు మెదపకుండా వెళ్ళింది.

వాడు రెండంతస్తుల కింద ఉన్నాడని నాకు తెలియదు. నేను ఇక్కడ పడుకుని, నువ్వు వాణ్ణి ఎక్కడో చేర్చే ఉంటావనుకుంటూ భోజనం చేశాను. నిచ్చెన పట్టుకునేవాడు ఉంటే ఎంత ఎత్తయినా ఎక్కేవాణ్ణి. కిందికి చూసే పని ఎప్పుడూ ఉండేది కాదు.

నిన్న సాయంత్రం చెప్పులేసుకున్నాను. నీకు దాచను. నేల పొడిగానే ఉంది, తలుపు దగ్గర ఎవరూ లేరు. వాడు పోయాక ఇంకెందుకు ఉండాలనిపించింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. నువ్వు వాడికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. నేను గడప దాటితే వాడు అబద్ధం విని పోయినట్టవుతుంది. వచ్చి పడుకున్నాను.

ఈ మధ్య తీసిన రక్తంలో ఏమీ మొలవలేదట. అయినా మందు ఇంకా కొన్ని వారాలు ఉంది. ఉంటానని నేను నీకు మాటివ్వను, నా మాటలు నీ దగ్గర చాలా పోగుపడ్డాయి. ఇది రాస్తున్నప్పుడు మాత్రం మంచం మీదే ఉన్నాను.

నువ్వు చూడకుండా చెప్పావు. నిజమో కాదో చూసుకోవాలంటే పైకి రావాలి.

తమ్ముడు